ముప్పై సెకన్ల కూత

మధ్య గీత దాటావు. "కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ..." కూత మొదలైంది. కే.వి.కుప్పంలో సంక్రాంతి సాయంత్రం. ఎదురుగా గుడియాత్తం జట్టు, ఏడుగురు, చేతులు చేతులు పట్టుకుని వంగి ఉన్నారు. నీకున్నది 30 సెకన్లు. కూత తెగకూడదు.

ఎడమ మూలకు దూకుతావు. కాలు తేలిగ్గా లేస్తోంది. పీల్చిన గాలి కండకు చేరనేలేదు, మరి ఈ బలం ఎక్కడిది? తొడ కండలో ముందే ఉన్న ఏటీపీ అనే శక్తి అణువుది. అది రెండు మూడు సెకన్లకే సరి. తరిగిన కొద్దీ దాన్ని నింపుతున్నది ఫాస్ఫోక్రియాటిన్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో హార్వర్డ్‌లో దాన్ని కనిపెట్టారు. కండ పనిచేస్తే అది తరుగుతుందని, విశ్రాంతి దొరికితే మళ్ళీ పెరుగుతుందని చూశారు.

పది సెకన్లు. ఆ నిల్వ అడుగంటింది. కాలు బరువెక్కింది. ఇప్పుడు కండ తన చక్కెరను ప్రాణవాయువు లేకుండానే విరగ్గొడుతోంది. వేగంగా వస్తుంది కానీ దుబారా ఎక్కువ. ఒక్కో గ్లూకోజుకు మిగిలేది రెండు ఏటీపీలే. ప్రాణవాయువు అందితే ముప్పై దాకా వచ్చేవి.

కుడి మూలవాడు ఒక అడుగు ముందుకొచ్చాడు. తాకాలా? వెనక్కి తిరగాలా?

తాకావు!

"పిడి! పిడి!" జనం అరుపు. చీలమండ మీద చెయ్యి. పడ్డావు. తొడలు మండుతున్నాయి. కూత ఆపకు. పాకు. చెయ్యి చాచు. ఇంకొంచెం.

గీత!

మట్టిలో వెల్లకిలా పడి రొప్పుతున్నావు. ఆట ఆగినా ఊపిరెందుకు ఆగట్లేదు? కండ తీసుకున్న చేబదులు తీరుస్తోంది. చక్కెర అలా విరిగినప్పుడు పుట్టి రక్తంలోకి చేరిన లాక్టేట్ వృథా పోదు. కొంత గుండెకు ఇంధనమవుతుంది, కొంత కాలేయంలో మళ్ళీ చక్కెరవుతుంది. గంటలో సర్దుకుంటుంది. రేపటి కాళ్ళనొప్పి దానివల్ల కాదు, కండపోగుల్లో పడ్డ సన్నటి చిరుగుల వల్ల.

"మళ్ళీ నువ్వే పోతావారా?" కెప్టెన్ అడుగుతున్నాడు. పోవాలనే ఉంది. ఆగు. అర నిమిషంలో ఫాస్ఫోక్రియాటిన్ సగమే తిరిగొస్తుంది. పూర్తిగా నిండాలంటే మూడు నుంచి అయిదు నిమిషాలు. పౌరుషం ఎంతున్నా ఆ లెక్క మారదు. ఇప్పుడు పోతే రెండో అడుగుకే దొరికిపోతావు.

లేచి కూర్చో. నిండుగా పీల్చు. చెప్పేయ్:

"ఈ తూరి నువ్వు పో అన్నా. వచ్చే తూరి నేను పోతా."