తొమ్మిదో నంబర్, పదో నంబర్: బందరు నుంచి దివిసీమ దాకా తుఫాను హెచ్చరికల కథ

ఈ ఎపిసోడ్ టాపిక్ నేను వెతుక్కున్నది కాదు, మా అమ్మమ్మ ఇచ్చింది. ఆవిడది అవనిగడ్డ దగ్గర పల్లెటూరు. ఆ మధ్య బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు టీవీలో కింద స్క్రోలింగ్ పోతోంది. ఫలానా ఓడరేవులో మూడో నంబర్ ప్రమాద హెచ్చరిక, ఫలానా చోట రెండో నంబర్ అని. ఆవిడ ఫోన్ చేసి, "ఒరేయ్, నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఈ నంబర్లు వింటున్నాను. అసలు మూడంటే ఏంటి, పదంటే ఏంటి? ఇంజనీరింగ్ చదివావుగా, చెప్పు" అంది.

నాకు తెలీదండీ. నంబర్ పెరిగితే ప్రమాదం పెరిగినట్టు, పరీక్షలో మార్కుల్లాగా, అంతే అనుకునేవాణ్ణి. మనలో చాలామందికి అంతే. ఇంట్లో నాన్నకి కోపం వస్తే "పదో నంబర్ ఎగిరింది" అని జోకులు వేసుకుంటాం కదా. సరే అని కూర్చుని చదివాను. చదివాక అర్థమైంది, మనం అనుకునేదానికీ అసలు అర్థానికీ చాలా తేడా ఉంది. ఆ తేడాలోనే పెద్ద చరిత్ర ఉంది.

ముందు ఆ నంబర్లేంటో చూద్దాం. మొత్తం 11 ఉన్నాయి. 1, 2 దూరపు హెచ్చరికలు. ఎక్కడో నడి సముద్రంలో వాయుగుండమో తుఫానో ఉంది, రేవు నుంచి బయల్దేరే ఓడలు జాగ్రత్త అని. 3, 4 స్థానిక హెచ్చరికలు. ఈదురుగాలులు రేవు దాకా రావచ్చు అని మూడు, తుఫాను ముప్పు ఉంది కానీ ఇంకా అంత ముదరలేదు అని నాలుగు. 5, 6, 7 వచ్చేసరికి ప్రమాదం. 8, 9, 10 అయితే తీవ్ర తుఫాను వల్ల పెను ప్రమాదం. ఇక్కడిదాకా మనం అనుకున్నట్టే ఉంది.

కానీ 8కీ 9కీ 10కీ మధ్య తేడా ఏంటి? తుఫాను బలంలో తేడా కాదు, దిక్కులో తేడా! తుఫాను వెళ్లే దారికి రేవు ఎడమవైపు పడితే 8. కుడివైపు పడితే 9. తుఫాను నేరుగా రేవు మీదుగానో, బాగా పక్కగానో పోతే 10. అదే తుఫాను, అదే గాలి. ఒకే రోజు ఒక రేవులో 8 ఉంటుంది, ఇంకో రేవులో 9 ఉంటుంది. 5, 6, 7 కూడా అంతే, కాకపోతే తుఫాను కాస్త చిన్నది.

ఈ కుడి ఎడమల గొడవ ఎవడిక్కావాలి అంటారా? ఓడ కెప్టెన్‌కి కావాలి. గాలి ఏ వైపు నుంచి కొడుతుందో తెలిస్తే లంగరు ఎలా వేయాలో, రేవులో ఉండాలో సముద్రంలోకి పోవాలో తేల్చుకుంటాడు. పగలు స్తంభం మీద శంకువులు, స్తూపాల ఆకారాలు ఎగరేసేవాళ్లు. రాత్రి ఎర్ర దీపాలు, తెల్ల దీపాలు వేలాడదీసేవాళ్లు. అంటే మా అమ్మమ్మ జీవితమంతా విన్న ఆ నంబర్లు ఆవిడకి చెప్పినవి కాదు. ఓడలకి చెబుతుంటే ఆవిడ పక్కనుంచి విన్నది.

ఇది ఇలా ఎందుకైందో తెలియాలంటే 1864కి వెళ్లాలి.

ఆ ఏడాది అక్టోబర్ 5న కలకత్తా మీద పెద్ద తుఫాను పడింది. హుగ్లీ నది వెంట ఉప్పెన ఎగదన్నింది. 50 వేల మందికి పైగా పోయారు, రేవులో ఉన్న ఓడల్లో చాలాభాగం దెబ్బతిన్నాయి. నెల తిరక్కుండానే నవంబర్ 1న మన బందరు మీద ఇంకో తుఫాను. మచిలీపట్నం ఊళ్లోకి రాత్రికి రాత్రి సముద్రం వచ్చేసింది. సుమారు 30 వేల మంది చనిపోయారని లెక్క. డచ్చి వాళ్లు, ఇంగ్లీషు వాళ్లు పోటీలు పడి వ్యాపారం చేసిన ఆ పట్నం ఆ దెబ్బ నుంచి మళ్లీ పూర్తిగా తేరుకోలేదు.

రెండు తుఫాన్లు, ఒకే సంవత్సరం. మరి ఫలితం? మరుసటి ఏడాది, 1865లో, మన దేశంలో మొట్టమొదటి తుఫాను హెచ్చరిక వ్యవస్థ మొదలైంది. కలకత్తా రేవులో. ఓడల కోసం. టెలిగ్రాఫ్ తీగ మీద తీరం నుంచి గాలి, పీడనం వివరాలు తెప్పించుకోవడం, రేవులో గుర్తు ఎగరేయడం. తర్వాత మెల్లగా మిగతా రేవులకీ పాకింది. 1875లో వాతావరణ శాఖ పుట్టింది. 1898లో రేవులన్నిటికీ ఒకే రకం గుర్తులు ఖాయం చేశారు. అప్పట్లో డబ్బంతా ఓడల్లో ఉండేది కాబట్టి హెచ్చరిక కూడా అక్కడికే వెళ్లింది, అందులో ఆశ్చర్యం లేదు. నన్ను ఆశ్చర్యపరిచిందేంటంటే, ఆ తర్వాత వందేళ్లకి పైగా, స్వాతంత్ర్యం వచ్చి, రేడియో వచ్చి, శాటిలైట్ ఫొటోలు వచ్చాక కూడా, తీరంలో ఉండే మనిషి చెవిన పడేది చాలావరకు అదే ఓడల భాష కావడం.

(కోరింగ సంగతి ఎందుకు చెప్పలేదు అని కొందరు అడుగుతారు, తెలుసు. 1789, 1839 కోరింగ ఉప్పెనల గురించి చలామణీలో ఉన్న అంకెల మీద నాకు చాలా అనుమానాలున్నాయి. దానికి విడిగా ఎపిసోడ్ చేస్తాను.)

ఇప్పుడు 1977. నవంబర్ 19, శనివారం.

అప్పటికి మనకి ఏమీ లేదు అనుకోకండి. విశాఖపట్నంలో తుఫాన్లని కనిపెట్టే రాడార్ 1970లోనే వచ్చింది. ఈ తుఫాను ఆగ్నేయ బంగాళాఖాతంలో పుట్టి, ముందు పడమరకి నడిచి, తర్వాత ఉత్తరం వైపు మలుపు తీసుకుంది. హెచ్చరికలు వెళ్లాయి. రేడియోలో చెప్పారు. మా అమ్మమ్మ వాళ్లు విన్నారు కూడా! విని ఏం చేశారో తెలుసా? పూరింటి కప్పు ఎగిరిపోకుండా తాళ్లతో బిగించారు. గొడ్లని కొట్టంలో కట్టేశారు. తలుపులేసుకుని లోపల కూర్చున్నారు.

గాలివానకి అదే సరైన పని. కానీ వచ్చింది గాలివాన కాదు, ఉప్పెన.

ఇక్కడ కొంచెం సైన్స్ చెప్పాలి, ఓపిక పట్టండి. తుఫాను మధ్యలో గాలి పీడనం తక్కువగా ఉంటుంది కాబట్టి సముద్రం కాస్త ఉబ్బుతుంది. కానీ ఒక హెక్టోపాస్కల్ తగ్గితే పెరిగేది సుమారు ఒక సెంటీమీటరే. ఎంత పెద్ద తుఫానైనా ఆ లెక్కన మీటరు దాటడం కష్టం. మిగతాదంతా గాలి పని. మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది. తుఫాను వెనక నిలబడి అది వెళ్లే వైపు చూస్తున్నామనుకోండి. ఎడమచేతి వైపు గాలి నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది, నీళ్లని వెనక్కి లాగుతుంది. కుడిచేతి వైపు గాలి సముద్రం మీంచి నేల మీదకి వీస్తుంది, పైగా తుఫాను ముందుకు నడిచే వేగం కూడా దానికి తోడవుతుంది. అడుగు లోతు లేని మెరక సముద్రం, ఎదురుగా బల్లపరుపు డెల్టా. నీళ్లకి ఇంకో దారి లేదు.

ఆ రోజు తుఫాను కేంద్రం చీరాల, నిజాంపట్నం వైపు తీరం దాటింది. దివిసీమ దానికి కుడిచేతి వైపు. ఆ ఓడల లెక్కలో చెప్పాలంటే 9 వర్తించే వైపు. "పది కాదు కదా, తొమ్మిదేగా" అని ఊపిరి పీల్చుకునే నంబర్ నిజానికి నీళ్లు వచ్చే వైపు నంబర్.

సాయంత్రం వేళ సముద్రం ఐదు మీటర్లు దాకా లేచి నేల మీదకి వచ్చింది. పది కిలోమీటర్లకి పైగా లోపలికి పోయింది. నాగాయలంక, కోడూరు వైపు ఊళ్లకి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. సొర్లగొంది పేరు ఇప్పటికీ ఆ వైపు పెద్దవాళ్ల దగ్గర ఎత్తితే ఒక్క క్షణం ఎవరూ మాట్లాడరు. సుమారు 10 వేల మంది అని ప్రభుత్వ లెక్క, అంతకన్నా ఎక్కువే అనేవాళ్లు చాలామంది ఉన్నారు. పశువులు లక్షల్లో పోయాయి. మా అమ్మమ్మ వాళ్లు పక్క వీధిలో ఉన్న ఒకే ఒక్క డాబా ఎక్కి బతికారు. డాబా మీద ఎంతమంది ఉన్నారు అమ్మమ్మా అని అడిగితే, "ఎక్కినవాళ్లని ఎవరు లెక్కపెట్టార్రా, ఎక్కనివాళ్లని లెక్కపెట్టుకున్నాం గానీ" అంది. అక్కడితో ఆ మాట ఆపేశాం.

తీగలు తెగాయి, రోడ్లు తెగాయి. అక్కడ ఎంత ఘోరం జరిగిందో బయటి వాళ్లకి పూర్తిగా తెలియడానికి రోజులు పట్టింది.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేటప్పుడు జరిగిన చిన్న సంగతి చెప్తాను. పోలిక చిన్నదే, ప్రాణాలతో సంబంధం లేదు, కానీ నాకు అప్పట్నుంచీ ఇది బుర్రలో తిరుగుతోంది. ఒక రాత్రి మా సర్వర్ పడిపోయింది. మానిటరింగ్ సిస్టమ్ అలర్ట్ పంపింది, మెయిల్‌లో, ఎవరూ తెరవని ఫోల్డర్‌లోకి. పొద్దున మీటింగ్‌లో అందరం ఒకటే మాట, "అలర్ట్ వెళ్లింది కదా!" వెళ్లింది. లాగ్‌లో ఉంది. వాట్సాప్‌లో ఒక టిక్కు, రెండు టిక్కులు, నీలం టిక్కు ఉంటాయి కదా, మేము ఒక టిక్కు చూసి పని అయిపోయింది అనుకున్నాం. దివిసీమలో రెండు టిక్కులు కూడా పడ్డాయండీ. సందేశం చేరింది, విన్నారు. కానీ విన్న మాటకి "నీళ్లు వస్తాయి, ఇల్లు వదిలి ఎత్తైన చోటికి పోండి" అనే అర్థం వాళ్లకి అందలేదు. పోదామన్నా ఎక్కడికి? ఊరికి ఒక డాబా. ఆ తీరంలో అంత ఉప్పెన వచ్చి అప్పటికి 113 ఏళ్లు. బందరు ఉప్పెనని కళ్లతో చూసినవాళ్లు ఎవరూ మిగల్లేదు.

తర్వాత మార్పులు వచ్చాయి. తీరం పొడవునా తుఫాను షెల్టర్లు కట్టారు. ఎత్తైన స్తంభాల మీద గుండ్రంగా ఉంటాయి చూడండి, మామూలు రోజుల్లో చాలాచోట్ల బడి నడుస్తుంది. 1983లో ఇన్సాట్-1బి పైకి వెళ్లింది. దాని ఆధారంగా తీరంలోని ఆఫీసుల్లో రిసీవర్లు పెట్టారు. నాకు బాగా నచ్చిన డిజైన్ ఇది. ప్రతి రిసీవర్‌కీ ఒక కోడ్. ఏ ప్రాంతానికి ముప్పు ఉందో అక్కడి రిసీవర్లు మాత్రమే మేల్కొంటాయి. ముందు సైరన్ మోగుతుంది, తర్వాత ఆ ప్రాంతం భాషలో మాట వినిపిస్తుంది. టెలిఫోన్ తీగ తెగినా పనిచేస్తుంది. ఇంటర్నెట్ లేని రోజుల్లో, లొకేషన్ చూసి పంపే నోటిఫికేషన్ అన్నమాట!

1990 మే 9న దానికి పరీక్ష వచ్చింది. 1977 తుఫానుతో పోల్చదగ్గ తుఫాను, మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గరే. ఈసారి లక్షన్నరకి పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు. చనిపోయినవాళ్లు వెయ్యి లోపు. అది తక్కువ అని నేను అనను. కానీ అదే చోట, 13 ఏళ్ల తేడాలో, పదో వంతుకి పడిపోయింది. ఇదంతా శాటిలైట్ ఘనత అని రాసేవాళ్లని చూశాను. నేను ఒప్పుకోను. "కదలండి" అనగానే జనం కదిలారంటే, 1977 వాళ్ల కళ్లముందు ఉంది కాబట్టి కూడా. పోవడానికి షెల్టర్ ఉంది కాబట్టి కూడా.

1996 నవంబర్ 6న కోనసీమలో ఇంకో రకం దెబ్బ తగిలింది. ఆ తుఫాను ఒక్క రోజులో ముదిరిపోయింది. వెయ్యి మందికి పైగా పోయారు, వాళ్లలో చాలామంది అప్పటికే వేటకి సముద్రంలోకి వెళ్లిన మత్స్యకారులు. పడవల్లో వైర్‌లెస్ లేదు. 130 ఏళ్ల కిందట సముద్రంలో తిరిగేవాళ్ల కోసమే పుట్టిన హెచ్చరిక, సముద్రంలో ఉన్న చిన్న పడవకి చేరలేదు! ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ వాళ్లు 2019లో జెమిని అని ఒక పరికరం తెచ్చారు, నడి సముద్రంలో శాటిలైట్ నుంచి ఆ పరికరం ద్వారా ఫోన్‌కి హెచ్చరిక వస్తుంది. కానీ అది వన్ వే. పడవ నుంచి తిరిగి జవాబు చెప్పడానికి వీల్లేదు.

2023లో మన ఫోన్లన్నీ ఒక్కసారిగా కీచుమని అరిచాయి గుర్తుందా, ఇది టెస్ట్ మెసేజ్ అని? అది సెల్ బ్రాడ్‌కాస్ట్. మీ నంబర్ అక్కర్లేదు, ఆ టవర్ కింద ఎవరున్నా వెళ్తుంది, నెట్‌వర్క్ ఎంత రద్దీగా ఉన్నా వెళ్తుంది. చాలా మంచి టెక్నాలజీ. కానీ అందులో కూడా మీరు చదివారో లేదో పంపినవాడికి తెలియదు.

ఇంకొకటి మిగిలింది, 11. అన్నిటికన్నా పెద్ద తుఫాను అనుకుంటున్నారా? కాదు. తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి అని అర్థం. ఇక మాకు ఏ కబురూ రావట్లేదు, మీ జాగ్రత్తలో మీరుండండి అని రేవు అధికారి ఓడలకి చెప్పే గుర్తు. ఓడలకైతే అది కూడా ఆలోచించి పెట్టారు.

ఇదంతా చదివాక అమ్మమ్మకి ఫోన్ చేశాను. మూడంటే ఇదీ, ఎనిమిదంటే ఎడమ, తొమ్మిదంటే కుడి, కుడివైపే ఉప్పెన ఎక్కువ అని అంతా చెప్పాను. ఓపిగ్గా విని, "ఓసోస్, ఇంతేనా. మరి ఆ ముక్కేదో ఆ రోజు రేడియోలో చెప్పొచ్చుగా" అంది.

ఉంటానండీ. వచ్చే ఎపిసోడ్‌లో కోరింగ.