సన్మానం ఇంటికి నడిచొచ్చిన రోజు

గుమ్మం దగ్గరే ఆగండి. అడుగుల చప్పుడు కానివ్వకండి. కిటికీ పక్కన కూర్చున్నాయన నలుగురు మాట్లాడుకునే సందడిని కూడా తట్టుకోలేడు. కళ్లు సరిగా ఆనవు. కాసేపు కూర్చుంటే మళ్లీ నడుం వాల్చాలి. ఎల్లుండితో ఆయనకి 46 ఏళ్లు నిండుతాయి. పేరు వాషింగ్టన్ రోబ్లింగ్. చేతిలో దుర్భిణి ఉంది, చూపు నది మీద ఉంది.

ఇవాళ 1883 మే 24, గురువారం. ఇది న్యూయార్కుకి ఆవలి ఒడ్డున ఉన్న బ్రూక్లిన్. ఇప్పటికి ఇంకా అది వేరే నగరమే. కొలంబియా హైట్స్ వీధిలోని ఈ ఇంటి కిటికీలోంచి చూస్తే ఈస్ట్ నది, దాని మీద రెండు రాతి బురుజులు, వాటి మధ్య ఉక్కు మోకులకు వేలాడుతున్న వంతెన కనిపిస్తాయి. 14 ఏళ్లుగా కడుతున్నారు దాన్ని. ప్రధాన ఇంజనీరు ఈయనే. దాదాపు పదేళ్లుగా పని దగ్గరికి వెళ్లలేదు, వెళ్లగలిగే ఒళ్లు కాదు.

ఇవాళ దాని ప్రారంభం. దేశాధ్యక్షుడు వచ్చాడు. కట్టినాయన ఈ గదిలోనే ఉన్నాడు.

ఆయన్ని అలాగే ఉండనిచ్చి మనం ఓ సారి ఆవలికి వెళ్లొద్దాం. న్యూయార్కు వీధులు తిరునాళ్లలా ఉన్నాయి. ఆకాశం నిర్మలంగా ఉంది. బ్రూక్లిన్‌లో బళ్లకు సెలవిచ్చారు, దుకాణాలు మూసేశారు. ఓడల తెరచాప కొయ్యల మీద, మేడల అంచుల మీద ఎటు చూసినా జెండాలే. అధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్, గవర్నర్ గ్రోవర్ క్లీవ్‌లాండ్ బండ్లు దిగి వంతెన మీద కాలినడకన బయల్దేరారు. ముందు సైనికుల బారు, బ్యాండు. వాళ్ల వెనకే మీరు. కాళ్ల కింద 135 అడుగుల లోతున నీళ్లు, తలెత్తితే గాలిపటం దారాల్లా సాగిన తీగలు. నేవీ యార్డులోనూ నదిలోని యుద్ధనౌకల మీదా ఫిరంగులు పేలుతున్నాయి. రెండు బురుజుల మధ్య దూరం 1,595 అడుగుల పైచిలుకు. ఇంత దూరాన్ని ఒక్క అంగలో దాటిన వేలాడే వంతెన ఈ నాటికి ప్రపంచంలో ఇంకోటి లేదు.

న్యూయార్కు వైపు బురుజు కమాను కింద ఒక్క క్షణం ఆగండి. ఊరేగింపు పోనివ్వండి. ఈ రాయి కింద ఏముందో చూడకుండా ముందుకి పోతే, ఆ కిటికీ దగ్గరాయన ఎందుకు అక్కడ ఉన్నాడో అర్థం కాదు.

పదకొండేళ్లు వెనక్కి రండి. గంగాళాన్ని బోర్లించి నీళ్లలోకి నిలువుగా అదిమితే, లోపలి గాలి నీటిని రానివ్వదు కదా. పైన్ దూలాలతో అలాంటి గంగాళం ఒకటి చేశారు. పొడవు 172 అడుగులు, వెడల్పు 102. పేరు కైసన్. దాని నెత్తిన రాతి కట్టడం లేస్తుంటే ఆ బరువుకి అది దిగుతుంది, లోపల మనుషులు అడుగున మట్టి తవ్వుతూ దానికి దారి చేస్తుంటారు. గోదావరి మీదో కృష్ణ మీదో వంతెనకి బావులు దింపడం చూసినవాళ్లకి ఇది దానికి దాయాదే అనిపిస్తుంది. మన బావి నోరు తెరిచి ఉంటుంది, మట్టిని పైనుంచే తోడతారు. ఇక్కడ కప్పు మూసి లోపలికి గాలి దట్టిస్తారు. ఎంత లోతుకి దిగితే అంత ఎక్కువ దట్టించాలి.

లోపలికి దిగే ముందు ఈ ఇనుప గదిలోకి రండి. తలుపు బిగించారు. కుళాయి తిప్పగానే గాలి బుసకొడుతూ వచ్చింది. చెవుల్లో దబ్బనం దిగినట్టుంది కదూ? ముక్కు గట్టిగా పట్టుకుని గాలి ఊదండి, కాస్త సర్దుకుంటుంది. అడుగు మూత తెరుచుకుంది. నిచ్చెన దిగండి. ఉక్క, బురద, సున్నం కొట్టిన గోడలు, మసక దీపాలు. పక్కవాణ్ని పలకరించబోతే వచ్చిన గొంతు మీది కాదు, సన్నగా ముక్కుతో పలుకుతోంది. ఈల వేయబోతే పెదాల మీదికి ఈల రాదు. కొవ్వొత్తి ఊదితే ఆరినట్టే ఆరి దానంతటదే మళ్లీ అంటుకుంటుంది. ఐర్లాండు నుంచీ జర్మనీ నుంచీ పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు ఇక్కడ రోజుకి రెండు డాలర్ల చిల్లరకి పారా పట్టారు.

నొప్పి కింద తెలియదు, పైకి వచ్చాక తెలుస్తుంది. మోకాళ్లు మెలిపెట్టినట్టు, కడుపులో పేగులు పిండినట్టు. కొందరికి నడుం కింద స్పర్శ పోయేది. ఒత్తిడి లోంచి చాలా నెమ్మదిగా బయటికి రావాలని అప్పటికి గట్టిగా తెలిసినవాళ్లు లేరు. వైద్యుడు ఆండ్రూ స్మిత్ తన పుస్తకంలో 110 మంది రోగుల్ని రాసుకున్నాడు, ఆ జబ్బుకి కైసన్ జబ్బని పేరు పెట్టాడు.

రోబ్లింగ్ ఒడ్డున గొడుగు కింద నిలబడి పని చేయించిన ఇంజనీరు కాదు. కూలీలతో పాటు దిగేవాడు. 1870 డిసెంబరులో బ్రూక్లిన్ వైపు కైసన్ కప్పులో దూలాల మధ్య నిప్పు రాజుకుంటే రాత్రంతా లోపలే ఉండి ఆర్పించి, పైకి వచ్చి కుప్పకూలాడు. లేచి మళ్లీ దిగాడు. 1872లో న్యూయార్కు వైపు కైసన్ 70 అడుగులు దాటాక మనుషులు చనిపోసాగారు. గట్టి రాయి ఇంకా కింద ఉంది. అక్కడిదాకా పోవాలంటే ఇంకెన్ని ప్రాణాలు? ఇసుక నమూనాలు చూశాడు, యుగాలుగా కదలని ఇసుక అది. 78 అడుగుల ఆరంగుళాల దగ్గర ఆపమన్నాడు. ఇప్పుడు మీరు నిలబడ్డ బురుజు రాతి మీద లేదు, ఇసుక మీద ఉంది. నన్నడిగితే, ఈ వంతెన మొత్తంలో ఒక ఇంజనీరుకి చేతులెత్తి మొక్కాల్సిన చోటు అదే. తన పేరు, తన లెక్క, తండ్రి పరువు ఒక తక్కెడలో పెట్టి, కూలివాడి ప్రాణాన్ని రెండో తక్కెడలో పెట్టి తూచాడు.

తండ్రి అన్నాను కదా. ఈ వంతెన ఊహ జాన్ రోబ్లింగ్‌ది. 1869లో కొలతలు తీసుకుంటూ రేవులో నిలబడి ఉండగా ఒడ్డుకి వస్తున్న ఫెర్రీ ఆయన పాదాన్ని నలిపేసింది. ధనుర్వాతం కమ్మి, పని మొదలవకముందే పోయాడు. అప్పుడు కొడుక్కి 32 ఏళ్లు. కొడుకు ఆ పని నెత్తికెత్తుకున్నాడు, మూడేళ్లకి అదే పని ఆయన్ని మంచాన పడేసింది.

మరి మిగిలిన పదకొండేళ్లు పని ఎలా సాగింది? ఇక్కడే ఎమిలీ గురించి చెప్పాలి.

వాషింగ్టన్ భార్య ఆమె. ఆయన మంచం మీంచి చెబితే ఆమె రాసేది. రాస్తూ రాస్తూ, రాస్తున్నదేమిటో తెలుసుకోవడం మొదలుపెట్టింది. పైస్థాయి గణితం నేర్చుకుంది, తీగ తన బరువుకి తాను వంగినప్పుడు వచ్చే వంపు లెక్క నేర్చుకుంది, ఏ లోహం ఎంత లాగుడుకి ఆగుతుందో నేర్చుకుంది. పని దగ్గరికి వెళ్లి సహాయ ఇంజనీర్లకి ఆయన మాట చెప్పేది, వాళ్ల సందేహాలు పట్టుకొచ్చేది. కొన్నాళ్లకి ఆ సందేహాల్లో చాలా వాటికి అక్కడికక్కడే తానే జవాబు చెప్పగలిగింది. సరుకు అమ్మవచ్చిన కంపెనీల వాళ్లు ఆమెతో మాట్లాడాక, అసలు ఇంజనీరు ఈవిడేనేమో అనుకుని వెళ్లారు. ఆమెకి నియామక పత్రం లేదు, జీతం లేదు.

ఆ ఏళ్లు సాఫీగా నడిచినవీ కావు. ఒక్కో మోకులో 5,000 పైచిలుకు తీగలు. జనపనార మోకులా పేనరు వాటిని. ఒక్కో తీగనీ ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి లాగి పక్కపక్కనే పరిచి కట్ట కడతారు. 1878లో, ఆ తీగ సరఫరా చేసిన గుత్తేదారు లాయిడ్ హేగ్ మోసం బయటపడింది. తనిఖీలో నెగ్గిన తీగ చూపించి, దారిలో బండి మార్చి, నెగ్గని తీగ పంపాడు. అప్పటికే చాలా తీగ మోకుల్లోకి వెళ్లిపోయింది, ఊడదీయడం కుదరదు. రోబ్లింగ్ మంచం మీంచే లెక్క వేశాడు. అవసరానికి ఆరింతల బలం ఉండేలా గీసిన మోకు అది. నాసి తీగ పోను అయిదింతలు మిగులుతుంది. ఒక్కో మోకుకి 150 మంచి తీగలు అదనంగా వేయించాడు, అదీ హేగ్ ఖర్చుతోనే. ఇప్పుడు మీ తల మీద ఉన్న మోకుల్లో ఆ చెడ్డ తీగ ఇంకా ఉంది. మీరు నిశ్చింతగా నడవండి.

1882లో బ్రూక్లిన్ మేయరు సెత్ లో, కనబడని ఇంజనీరు మాకెందుకని, ఆయన్ని తప్పించాలని పట్టుబట్టాడు. వంతెన పాలకమండలిలో ఓట్లు వేశారు. పదిమంది ఉంచాలన్నారు, ఏడుగురు తీసెయ్యాలన్నారు. ఇంకో ఇద్దరు అటు మొగ్గి ఉంటే ఈ రోజు ఆ కిటికీ దగ్గర కూర్చున్నది మాజీ ఇంజనీరు అయ్యేవాడు.

ఊరేగింపు అందుకోండి. బ్రూక్లిన్ వైపు అధ్యక్షుణ్ని చేయందించి ఆహ్వానిస్తున్నది ఆ సెత్ లోనే.

సభ బ్రూక్లిన్ కొసన, వంతెన రైళ్ల కోసం కట్టిన ఇనుప స్టేషన్‌లో. వేలమంది. మాటల వరస చాలా పొడుగు, వాటన్నిటి దగ్గరా ఆగక్కర్లేదు. ఆబ్రం హ్యూయిట్ లేచినప్పుడు మాత్రం చెవి పెట్టండి. ఇంజనీరు కుటుంబానికి వాటా ఉన్న కంపెనీ నుంచి తీగ కొనకూడదని 1876లో తీర్మానం పెట్టింది ఈయనే. ఇవాళ ఆ ఇంజనీర్లని, తండ్రినీ కొడుకునీ, నిండు మనసుతో పొగిడాడు. పొగుడుతూ పొగుడుతూ ఇంకో పేరు పలికాడు. ఎమిలీ వారెన్ రోబ్లింగ్. ఒక స్త్రీ తనని తాను అర్పించుకున్నందుకూ, ఆడవాళ్లకి ఇన్నాళ్లూ అందనివ్వని పెద్ద చదువుకి వాళ్లు ఎంత తగినవాళ్లో చూపినందుకూ ఈ వంతెన శాశ్వతమైన గుర్తుగా ఉంటుందన్నాడు.

ఆమె ముఖం చూడాలని మీరు తల తిప్పుతారు. ఇంత జనంలో కనబడదు.

నాకు మాత్రం ఇక్కడ మన సభలు గుర్తొస్తాయి. సెప్టెంబరు 15న, విశ్వేశ్వరయ్యగారి పుట్టినరోజున, మన జిల్లా కేంద్రాల్లో ఇంజనీర్ల దినోత్సవం చేస్తారు. రోడ్లు భవనాల శాఖలో ముప్ఫై అయిదేళ్లు చేసి దిగిపోయిన పెద్దాయనకి జీవిత సాఫల్యమని శాలువా కప్పుతారు. చప్పట్ల మధ్య నా కళ్లు ముందు వరుసలో ఆయన భార్య కోసం వెతుకుతాయి. ఏటి గట్టు మీద రేకుల క్యాంపుల్లో పిల్లల్ని పెంచినావిడ, వరద రాత్రుల్లో లాంతరు పట్టుకుని ఆయన కోసం గుమ్మంలో నిలబడ్డావిడ. ఆవిడనీ వేదిక మీదికి పిలిచిన సభలు ఉన్నాయి. అలాంటి సభ నుంచి ఇంటికి వచ్చేటప్పుడు గుండె నిండుగా ఉంటుంది. కాంక్రీటు కలిపిన మేస్త్రీని కూడా పిలిచిన సభని నేనింకా చూడాలి.

ఆ వంతెన ప్రారంభం రోజున్న వాళ్లకి పనిలో చనిపోయినవాళ్ల లెక్క కూడా సరిగా తెలియదు. ఎవరూ ఒక చోట రాసిపెట్టలేదు. ఇరవై పైచిలుకు మంది అని తరవాతి వాళ్లు కూడదీసి చెప్పారు. బురుజుల మీంచి పడినవాళ్లు, తెగిన మోకు దెబ్బకి పోయినవాళ్లు, కైసన్ జబ్బుతో పోయినవాళ్లు.

సభ ముగిసింది. ఇప్పుడు జరిగేది చూడండి, ఇందుకోసమే మిమ్మల్ని ఇంత దూరం తీసుకొచ్చాను. బండ్లు ఇంకెక్కడికో కాదు, కొలంబియా హైట్స్ వైపు తిరిగాయి. సన్మానానికి రాలేని మనిషి ఇంటికి సన్మానమే బయల్దేరింది. ఇల్లంతా పూలు. గుమ్మంలో ఎమిలీ వచ్చినవాళ్లని పలకరిస్తోంది. పై గది వదిలి కిందికి వచ్చి నిలబడ్డాడు రోబ్లింగ్. అధ్యక్షుడు ఎదురుగా వెళ్లి ఆయన చెయ్యి అందుకున్నాడు.

ఆ చెయ్యి పట్టుకున్నంతసేపూ వెనక బారులో ఉన్నవాళ్లు ఆగారు. తరవాత ఒకరి తరవాత ఒకరు. ఆయన ఎక్కువసేపు నిలబడలేకపోయాడు. మళ్లీ పైకి వెళ్లిపోయాడు. వచ్చినవాళ్లలో ఎవరూ దాన్ని తప్పు పట్టలేదు.

ఎమిలీకి అంతకంటే ముందే ఇంకో సన్మానం జరిగింది. దానికి ఆహ్వాన పత్రాలు లేవు. ప్రారంభానికి కొద్ది రోజుల ముందు, గుర్రపు బండి పరుగు తీస్తే వంతెన ఎలా తట్టుకుంటుందో చూడడానికి, మొదటి బండిలో ఆమె కూర్చుని ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్లింది. ఒళ్లో ఒక కోడిపుంజు, గెలుపుకి గుర్తుగా. దారి పొడుగునా పనివాళ్లు చేతిలో పని ఆపి, టోపీలు తీసి, కేకలు వేశారు. ఎవరు ఏం పని చేశారో లెక్క తెలిసినవాళ్లు వాళ్లే.

రాత్రయింది. వంతెన మీంచి గంటసేపు బాణసంచా పేలింది, 14 టన్నులు. నది రంగురంగులుగా వెలిగి ఆరింది. అర్ధరాత్రి మామూలు జనానికి గేట్లు తీశారు. నడిచి దాటేవాడికి ఒక్క సెంటు. తొలి రోజులోనే లక్షా యాభై వేల మంది దాటబోతున్నారు. అమెరికాలో ఎడిసన్ ఊళ్లో ఉన్న పిల్లల్ని చూడ్డానికి వెళ్లిన మన అమ్మానాన్నలు ఆ చెక్కబాట మీద స్వెట్టర్లు వేసుకుని నడిచే రోజులకి ఇంకా నూరేళ్ల పైమాటే ఉంది. బురుజు మీద ఎమిలీ పేరు చెక్కిన ఫలకం పెట్టడానికి 68 ఏళ్లు ఉంది, అది 1951లో బ్రూక్లిన్ ఇంజనీర్లు పెడతారు.

సెంటు ఇచ్చి మీరూ నడవండి. ఎత్తయిన చోటికి రాగానే బ్రూక్లిన్ వైపు ఓ సారి చూడండి. కొండ అంచున వరసగా ఇళ్ల దీపాలు. వాటిల్లో ఆ కిటికీ ఏదో మీకు తెలుసు.