పుల్ల ఐస్: ఇంటి తయారీ చరిత్ర

తీపి నీళ్లనో, పాలనో, పండ్ల రసాన్నో అచ్చులో పోసి, మధ్యలో పుల్ల గుచ్చి గడ్డకట్టిస్తే పుల్ల ఐస్. కోస్తాలో దీన్ని ఐస్‌ఫ్రూట్ అనడమూ ఉంది. పాలతో చేస్తే పాలైసు, సేమ్యా కలిపితే సేమ్యా ఐసు. వేసవి సెలవుల్లో పిల్లలు ఫ్రిజ్‌లో తామే చేసుకునేంత మామూలు వస్తువైపోయింది గానీ, తెలుగు వంటింట్లో దీని వయసు చాలా తక్కువ. అరిసెలు, సున్నుండలు ఇంట్లో పుట్టి అంగడికెక్కాయి. పుల్ల ఐస్ ఫ్యాక్టరీలో పుట్టి, సైకిలెక్కి ఊరూరూ తిరిగి, ఆఖరున ఇంటికి చేరింది.

మంచు రాక ముందు

రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నం గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్‌షా (పాలన 1550–1580) పేరు మోస్తున్న ఊరు. ఆ కాలపు పెద్ద చెరువు ఇప్పటికీ ఉంది. చెరువు నిండినా ఆ నీటిని గడ్డకట్టించే దారి మాత్రం అప్పట్లో లేదు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే ఈ నేలలో చల్లదనమంటే కుండనీళ్లు, మజ్జిగ, తాటి ముంజలు. అదే శతాబ్దంలో ఉత్తరాదిన అక్బరు కొలువులో సురేకారంతో నీళ్లు చల్లబరిచేవారని, కొండల నుంచి మంచు తెప్పించేవారని ‘ఐనీ అక్బరీ’ చెబుతోంది. అది పాదుషాల వైభోగం. అలహాబాదు ప్రాంతంలో చలికాలపు రాత్రుళ్లు వెడల్పాటి మట్టి పళ్లేల్లో నీళ్లుంచి, తెల్లవారకముందే పైన కట్టిన మంచు పొరను ఏరుకునే పద్ధతిని రాబర్ట్ బార్కర్ 1775లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వర్ణించాడు.

ఆ తరువాత మంచు ఓడ మీద వచ్చింది. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ 1833లో అమెరికా చెరువుల మంచును సుమారు 180 టన్నులు కలకత్తాకు పంపితే, నాలుగు నెలల ప్రయాణంలో కరగగా వంద టన్నుల దాకా చేరింది. తెలుగు జిల్లాలకు అప్పటి రాజధానియైన మద్రాసులో మంచు నిల్వ కోసం 1842లో కట్టిన ఐస్ హౌస్ ఇప్పుడు వివేకానంద భవనం. కంప్రెసర్లతో ఇక్కడే ఐసు తయారు కావడంతో ఆ ఓడల వ్యాపారం పందొమ్మిదో శతాబ్దం చివరికల్లా మూతపడింది.

ఉప్పు, ఐసుగడ్డ

ఫ్రిజ్ లేకుండా గడ్డకట్టించే కిటుకు ఒకటుంది. ఐసు ముక్కల్లో ఉప్పు కలిపితే ఐసు కరుగుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. పాళ్లు సరిగ్గా కుదిరితే మైనస్ 21 డిగ్రీల దాకా దిగుతుంది. హైదరాబాద్‌లో 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్ దగ్గరి ఐస్‌క్రీం దుకాణాలకు పేరు తెచ్చిన చేతి తిప్పుడు ఐస్‌క్రీం, మట్కా కుల్ఫీ రెండింటికీ ఆధారం ఇదే. గోనెసంచిలో ఊక పోసి ఐసుగడ్డ తెచ్చుకోగలిగిన ఇంట్లో ఈ పని సాధ్యమే. అయితే అది పెళ్లికో పండక్కో పెట్టుకునే పని, పిల్లలు అడిగినప్పుడల్లా అయ్యేది కాదు.

పుల్ల సంగతికి వస్తే, కాలిఫోర్నియాలో 1905లో ఫ్రాంక్ ఎపర్సన్ అనే పదకొండేళ్ల కుర్రాడు సోడా పొడి కలిపిన నీళ్లగ్లాసును, కలిపిన పుల్లతో సహా రాత్రంతా వరండాలో మరిచిపోయాడట. పొద్దునకు అది గడ్డకట్టి పుల్లకు అంటుకుని ఉంది. 1924లో ఆయనకు పేటెంటు వచ్చింది.

ఫ్యాక్టరీ, సైకిలు

మన ఊళ్లకు ఇది కరెంటుతో పాటు వచ్చింది. ఐస్ ఫ్యాక్టరీలో అమ్మోనియా కంప్రెసరు పెద్ద తొట్టిలోని ఉప్పునీటిని సున్నాకు బాగా దిగువకు చల్లబరుస్తుంది. ఆ నీరు మాత్రం గడ్డకట్టదు. రంగునీళ్లు పోసిన లోహపు అచ్చులను అందులో ముంచి, పుల్లలు గుచ్చుతారు. గట్టిపడ్డాక మామూలు నీళ్లలో ఒక్కసారి ముంచి తీస్తే ఐసులు ఊడి వస్తాయి. తెల్లారేసరికి సైకిళ్లు బారులు తీరేవి. వెనక చెక్క డబ్బా, హ్యాండిల్‌కు రబ్బరు బూర. ఆ బూర వినపడితే పిల్లలు ఇంట్లో పాత ఇనుము, తెగిన చెప్పులు, ఖాళీ సీసాలు వెతికేవారు. కోతల కాలంలో దోసెడు వడ్లకూ ఐసు దొరికేది. నగదు లేని ఇంటి పిల్లాడికీ అందిన చిరుతిండి కనుకనే దీనికింత ఆదరణ అని చెప్పాలి.

ఇంటి ఫ్రిజ్

భారతదేశంలో గోద్రెజ్ తొలి ఫ్రిజ్‌ను 1958లో తయారుచేసింది. హైదరాబాద్ వారికి మాత్రం సొంత ఫ్రిజ్ ఆల్విన్. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ సనత్‌నగర్ కర్మాగారం నుంచి వచ్చిన ఈ ఫ్రిజ్‌లు చాలా ఇళ్లలో దశాబ్దాలపాటు పనిచేశాయి. ఐసు ట్రే గూళ్లలో 1980లలో రస్నా పోసి, ఒక్కో గూటిలో చీపురుపుల్లో చెంచాయో నిలబెట్టడమే ఇంటి పుల్ల ఐస్‌కు తొలి రూపం.

ఇంట్లో చేసినది గరుగ్గా, గాజుముక్కలా ఉందని పిల్లలు పెదవి విరిచేది అందుకే: ఫ్రీజర్ నెమ్మదిగా గడ్డకట్టిస్తుంది కనుక మంచు పలుకులు పెద్దవవుతాయి. గడ్డకట్టే నీరు చక్కెరనూ రంగునూ పక్కకు నెడుతుంది. నాలుగు సార్లు పీల్చేసరికి తీపంతా పోయి తెల్లటి ఐసు మిగిలేది ఇందువల్లే. సేమ్యా, సగ్గుబియ్యం, మొక్కజొన్న పిండి, మరగకాచిన పాలు నీటిని చిక్కబరచి పలుకులను అదుపులో ఉంచుతాయి. పాలైసు రుచి రహస్యం అదే. లీటరుకు 100 నుంచి 150 గ్రాముల చక్కెర చాలు, ఎక్కువైతే గట్టిపడదు. చల్లదనం తీపిని అణిచేస్తుంది కనుక పోసే ముందు నాలుకకు కాస్త ఎక్కువ తీపిగానే తోచాలి.

ఆ తరువాత సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో రంగునీళ్లు గడ్డకట్టించిన ‘పెప్సి’ బడి దగ్గరి దుకాణాలకెక్కింది. పేరే గానీ కూల్‌డ్రింక్ కంపెనీకి దానితో సంబంధం లేదు. ఆహార రంగులపై దేశంలో నిబంధనలున్నాయి, అనుమతించిన కృత్రిమ రంగులు ఎనిమిదే. చిన్న తయారీదారులు ఏది కలిపారో కొనే పిల్లాడికి తెలిసే వీలు లేదు. ఇంట్లో మామిడి గుజ్జుతోనో నల్ల ద్రాక్షతోనో చేసుకుంటే ఆ రంగుల అవసరమే రాదు. కాచి చల్లార్చిన నీళ్లు వాడాలి, ఎందుకంటే గడ్డకట్టినంత మాత్రాన సూక్ష్మక్రిములు చావవు. ఇక పుల్ల విషయానికొస్తే, 2022 జూలై 1 నుంచి ఐస్‌క్రీంలకు ప్లాస్టిక్ పుల్లలు వాడడం దేశమంతటా నిషిద్ధం. చెక్క, వెదురు పుల్లలకు ఈ నిషేధం లేదు.