ఇనుప కడ్డీలు, గొట్టాల బరువు లెక్క

కడ్డీ అడ్డుకోత వైశాల్యాన్ని పొడవుతోనూ, లోహపు సాంద్రతతోనూ గుణిస్తే బరువు వస్తుంది. ఉక్కు సాంద్రత ఘనపు మీటరుకు 7,850 కిలోలు. గుండ్రటి కడ్డీకైతే వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాని వర్గాన్ని 162తో భాగిస్తే చాలు, మీటరు బరువు కిలోల్లో తేలుతుంది. 12 మి.మీ. కడ్డీకి 144ను 162తో భాగిస్తే 0.889, అంటే 12 మీటర్ల నిండు కడ్డీ సుమారు 10.67 కిలోలు తూగాలి. ఇల్లు కట్టేవాళ్లు ఈ సూత్రాన్ని ఎక్కువగా ఖర్చు అంచనాకే వాడతారు. అంతకంటే ముఖ్యమైన పని దీనితో ఉంది: కడ్డీలో ఉండాల్సినంత ఉక్కు ఉందో లేదో ఇది పట్టిస్తుంది.

టీఎంటీ కడ్డీ ఒంటి నిండా గట్లుంటాయి. కాలిపర్ గట్టు మీద ఆనితే ఒక కొలత, గట్ల మధ్య ఆనితే ఇంకొకటి. అందుకే భారత ప్రమాణం ఐఎస్ 1786 మీటరు బరువుకు హద్దులు పెట్టింది. 12 మి.మీ. విడి నమూనా లెక్క బరువు కంటే 6 శాతానికి మించి తగ్గకూడదు. ఆ ప్రకారం నిండు కడ్డీ 10 కిలోల లోపు తూగితే తిప్పి పంపాల్సిందే. కిలోల లెక్కన కొంటున్నప్పుడు కాటా చాలదా, కడ్డీ సన్నమైతే అదే డబ్బుకు పొడవు ఎక్కువ వస్తుంది కదా అనవచ్చు. డబ్బు వరకు ఆ మాట నిజమే. కానీ స్లాబులో కడ్డీలు పరిచేది డ్రాయింగులోని సంఖ్య ప్రకారం, బరువు ప్రకారం కాదు. ఒక్కో కడ్డీలో పదో వంతు ఉక్కు తగ్గితే స్లాబులోనూ అంతే తగ్గుతుంది. మిగిలిన కడ్డీలు షెడ్డులో పడుంటాయి.

గొట్టానికి బయటి వ్యాసంలోంచి గోడ మందం తీసేసి, వచ్చినదాన్ని మళ్లీ మందంతోనూ, 0.02466తోనూ గుణించాలి. ఇక్కడ పొరపాటు ఎక్కువగా పేరు దగ్గరే జరుగుతుంది. అంగుళం పైపు అనేది లోపలి రంధ్రాన్ని బట్టి వచ్చిన పేరు. దాని బయటి వ్యాసం 33.7 మి.మీ. మందం 3.2 మి.మీ. అయితే మీటరుకు 2.41 కిలోలు. పేరునే కొలతగా తీసుకుని 25.4 వేస్తే 1.75 కిలోలే వస్తుంది, నాలుగో వంతుకు పైగా తేడా. గోడ 2.6 మి.మీ.కి పలచబడితే బరువు 1.99 కిలోలకు దిగుతుంది. జీఐ పైపుకు జింకు పూత బరువు అదనం కనుక ఈ లెక్క చెల్లదనే అభ్యంతరం ఉంది. పూత బరువును పెంచేదే కానీ తగ్గించేది కాదు. కాబట్టి పూతతో కలిపి తూచినా లెక్కకు బాగా తక్కువ వస్తే గోడ పలచనైనట్టే. అల్యూమినియానికి మాత్రం ఈ అంకెలు పనికిరావు. దాని సాంద్రత 2,700 కనుక కడ్డీ సూత్రంలో 162 బదులు 472 వేసుకోవాలి.