ఊరి కైఫీయతు - నేటి పటము

ఆలంపురమున సంగమేశ్వరాలయమును చూచిన యాత్రికులు సంగమ మెక్కడనని అడుగుట కద్దు. ఆ యాలయము మొదట కృష్ణా తుంగభద్రలు కలియు కూడవెల్లిలో నుండెను. శ్రీశైలము జలాశయమున ఆ చోటు మునుగనుండగా, రాళ్ళను విప్పి తెచ్చి ఆలంపురమున మరల నిలిపిరి. గుడి దక్కినది. దాని చుట్టునుండిన వీథుల పేళ్ళను, చేల పేళ్ళను, రేవుల పేళ్ళను బండి కెత్తి తెచ్చుటకు వీలులేకపోయెను.

ఊరి జ్ఞాపకమును వ్రాసి దాచుట మనకు క్రొత్త కాదు. 1815లో భారతదేశమునకు మొదటి సర్వేయరు జనరలైన కాలిన్ మెకంజీ, భూమిని కొలిపించుటతో తృప్తి నొందక ఊరూరి వృత్తాంతమును వ్రాయించెను. ఆ పనికి ప్రాణము పోసినవారు తెలుగువారగు కావలి సోదరులు. బొర్రయ్య 1803లో చిన్నవయసుననే గతింపగా లక్ష్మయ్య ఆ భారమును వహించెను. ఊరికి పేరెట్లు వచ్చెను, చెరువు నెవరు త్రవ్వించిరి, మాన్యము లెవరివి - ఇట్టి సంగతులు కరణముల దండకవిలెల నుండి ఆ కైఫీయతుల కెక్కెను. శిథిలమగుచున్న ప్రతులకు పిమ్మట బ్రౌను దొర నకళ్ళు వ్రాయించెను. అయితే కరణము చెప్పినది కరణ మెరిగిన ఊరు మాత్రమే. వెలివాడ బావి కథ అందు దొరకుట అరుదు.

నేడు ఆ కొరతను తీర్చుకొనుటకు డిజిటల్ పటము మనకు లభించినది. పాత సర్వే పటమును స్కాను చేసి ఉపగ్రహచిత్రముపై పరతురు. రెంటను మారక నిలిచిన కొండకొమ్ము, గుడి మొదలగు గురుతులను కొన్నింటిని జతపరచినచో తక్కినదానిని కంప్యూటరు సరిపుచ్చును. జలాశయప్రాంతమున నదిగట్టును మాత్రము నమ్మరాదు. నీరు దానిని మార్చివేసినది. వేసవిలో బయటపడు పాతగోడలే నమ్మదగిన సాక్షులు.

2004లో ఆరంభమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనను తెలుగున పేళ్ళు చేర్పవచ్చును. కాని అది నేడున్న వానికే. లేనియూళ్ళకు ఓపెన్‌హిస్టారికల్‌మ్యాప్ అను వేరొక పటము కలదు.

1980 ప్రాంతమున ఇరువదియేండ్ల వయసున ఊరు విడిచినవారు ఇప్పటికి అరువది దాటిరి. పటమును వారి ముందు పరచి అడుగవలెను. చెప్పినవారి గొంతును, చెప్పిన తేదీని, వారు సమ్మతించినచో పేరును భద్రపరుపవలెను. ఒకే చేనికి ఇరువురు రెండుపేళ్ళు చెప్పినచో రెంటిని ఉంచవలెను. తీర్పు చెప్పుట మన పని కాదు. మా మట్టునకు, మొదట స్త్రీలనే అడుగుదుము: ఏ రేవు నుండి నీరు తెచ్చుచుంటిరి, ఏ దారిని పోయితిరి, త్రోవలో ఏ చెట్టుక్రింద బిందెను దింపితిరి?