పన్నెండో బొమ్మ

ఎన్‌డీఏ రాతపరీక్షకి 900 మార్కులు. లెక్కలకి 300, జనరల్ ఎబిలిటీకి 600. వయసు పదహారున్నరకీ పందొమ్మిదిన్నరకీ మధ్య ఉండాలి. లెక్కలంటే మనవాళ్ళకి పెద్ద భయం లేదు, ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్న ప్రతివాడూ ఆ బరువు ఎలాగూ మోస్తూనే ఉంటాడు. అసలు కథంతా మిగతా 900 మార్కుల్లో ఉంది. అవి ఎస్సెస్‌బీ వాళ్ళవి. కుర్రాణ్ణి ఐదు రోజులు తమ దగ్గర ఉంచుకుని, గుండె మీద ఒక నంబరు కట్టి, వాడు ఆఫీసరుకి పనికొస్తాడో లేదో చూస్తారు. కథ అని ఊరికే అనలేదు. అక్కడ నిజంగానే కథలు రాయిస్తారు.

తెర మీద ఒక మసక బొమ్మ ముప్ఫై సెకన్లు పడుతుంది. ఆపైన నాలుగు నిమిషాల్లో కథ రాసెయ్యాలి: ముందు ఏం జరిగింది, ఇప్పుడేం జరుగుతోంది, చివరికి ఏమవుతుంది. ఇలా పదకొండు బొమ్మలు. పన్నెండోది ఖాళీ తెర. దాని మీదా కథ రాయాల్సిందే. తర్వాత అరవై మాటలు, ఒక్కోదానికి పదిహేను సెకన్లు. ఆ తర్వాత అరవై చిక్కు సందర్భాలు, అరగంట. కూచుని అబద్ధం అల్లుకునే తీరిక ఇవ్వకూడదన్నదే ఇందులో కిటుకు.

మాది కృష్ణానగర్. నాన్న సినిమాల్లో లైట్‌మ్యాన్. కాల్షీటు తెల్లవారుజామున ఉంటే ఆయనతో పాటే లేచి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా నడిచి, కేబీఆర్ పార్కు చుట్టూ పరిగెత్తేవాణ్ణి. నాతో ఇంకో ముగ్గురుండేవాళ్ళు. ఒకడి నాన్న కాస్ట్యూమర్, ఒకడిది జూనియర్ ఆర్టిస్టుల కుటుంబం. టీకొట్టు దగ్గర నిలబడితే చాలు, ఎవరో ఒక అసిస్టెంటు డైరెక్టరు ఇంకొకరికి కథ చెబుతూ కనిపించే చోటు అది. బొమ్మ చూసి కథ చెప్పడం మాకెవరో నేర్పాలా అనుకున్నాం.

నేర్పాల్సే వచ్చింది. మా వీధిలో రిటైరైన సుబేదారు ఒకాయన ఉండేవాడు. పాత వారపత్రికల్లో బొమ్మలు చూపించి మా చేత కథలు రాయించేవాడు. నాలుగు కథలు చదివాక కాగితాలు పక్కన పెట్టి, “ఒరే, మీ కథల్లో ప్రతివాడూ ఒక్కడే పదిమందిని కొడతాడేంట్రా? ఊళ్ళో బోరు చెడిపోతే వాడేం చేస్తాడో రాయండి, చూద్దాం” అన్నాడు. బోరు బాగుచేసే కథ రాయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మెకానిక్‌కి కబురు పెట్టాలి, చందాలు పోగెయ్యాలి, అప్పటిదాకా ట్యాంకరు తెప్పించాలి. ఇంటర్వెల్ ఎక్కడా పడదు.

ఈ పరీక్ష ఎక్కణ్ణించి వచ్చిందో చాలా ఏళ్ళ తర్వాత చదువుకున్నాను. రెండో ప్రపంచయుద్ధం మొదట్లో బ్రిటిష్ సైన్యం ఆఫీసర్లని ఒక చిన్న ఇంటర్వ్యూతో ఎంచుకునేది. ఏ స్కూల్లో చదివావు, మీ నాన్న ఏం చేస్తాడు, ఇలాంటివే ప్రశ్నలు. అలా ఎంచుకున్నవాళ్ళు శిక్షణలో తట్టుకోలేక పెద్ద సంఖ్యలో వెనక్కి వస్తుంటే, 1942లో స్కాట్లండ్‌లో వార్ ఆఫీస్ సెలక్షన్ బోర్డులు మొదలుపెట్టారు. వాటికి దన్నుగా నిలిచిన జనరల్ థార్న్ యుద్ధానికి ముందు బెర్లిన్‌లో పనిచేసినవాడు. జర్మన్ సైన్యం మనస్తత్వ నిపుణుల చేత అభ్యర్థులని పరీక్షించడం ఆయనకి తెలుసు. నాయకుణ్ణి చెప్పకుండా కొంతమందికి ఒక పని ఇచ్చి, ఎవరు ఎవర్ని కలుపుకుపోతారో చూడాలన్న ఆలోచన విల్‌ఫ్రెడ్ బియాన్‌ది. ఆయన పుట్టింది మన మథురలోనే. బొమ్మల కథల మూలం హార్వర్డ్‌లో ఉంది. క్రిస్టియానా మోర్గన్, హెన్రీ ముర్రే 1935లో దాన్ని బయటపెట్టారు. వాళ్ళ కార్డుల్లోనూ ఒకటి ఖాళీదే. 1943లో ఇదంతా దెహ్రాదూన్ చేరింది.

అంటే, మీ నాన్న ఏం చేస్తాడన్న ప్రశ్నని దాటడానికి పుట్టిన పరీక్ష ఇది. మన దగ్గర ఆ అవసరం ఇంకా ఎక్కువ. పశ్చిమగోదావరి జిల్లాలో మాధవరాన్ని మిలటరీ మాధవరం అనే పిలుస్తారు, తరతరాలుగా అంతమంది జవాన్లు వెళ్ళారు ఆ ఊరినించి. జవాన్లుగానే. తెల్లవాళ్ళ కాలంలో ఆఫీసరు కావడమంటే వేరే లోకం. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో శాండ్‌హర్స్ట్‌లో భారతీయులకి ఇచ్చినవి ఏడాదికి పది సీట్లు. అక్కడికి తయారుచెయ్యడానికి 1922లో దెహ్రాదూన్‌లో పెట్టిన కాలేజీ కూడా కలిగినవాళ్ళ పిల్లలదే. సైనిక్ స్కూళ్ళు వచ్చాకే మామూలు ఇళ్ళ పిల్లలకి ఒక దారి పడింది. విజయనగరం రాజా పీవీజీ రాజు ఇచ్చిన కోటలో 1962 జనవరిలో కోరుకొండ స్కూలు మొదలైంది. 2020 జూన్‌లో గల్వాన్‌లో చనిపోయిన కల్నల్ సంతోష్‌బాబు సూర్యాపేట నించి వెళ్ళి ఆరో తరగతిలో అక్కడే చేరాడు. పదేళ్ళ పిల్లాడు ఇల్లొదిలి అంత దూరం వెళ్ళడం గురించి మాత్రం మన సినిమాలు తీరిగ్గా చెప్పవు. ‘మేజర్’ లాంటి ఒకటి రెండు వదిలేస్తే, మన మిలటరీ హీరో యూనిఫాంతోనే పుట్టినట్టు తెర మీదకి వస్తాడు.

తండ్రి ప్రశ్న పూర్తిగా పోయిందా అంటే, పోలేదు. అక్కడ నింపే ఫారంలో అమ్మానాన్నల వృత్తి, ఆదాయం ఇప్పటికీ రాయాలి. నేను లైట్‌మ్యాన్ అని రాశాను. ఇంటర్వ్యూ చేసిన ఆఫీసరు పావుగంట ఆ లైట్ల గురించే అడిగాడు. పది కిలోవాట్ల లైటుని ఎంతమంది మోస్తారు, వానలో షూటింగ్ అయితే కేబుళ్ళు ఎలా కాపాడతారు, అని. నాకు తెలిసినవన్నీ చెప్పాను. చివరిరోజు పిలిచిన నంబర్లలో నాది లేదు. మా నలుగురిలో కాస్ట్యూమర్ కొడుకు ఒక్కడిదే, అదీ రెండోసారికి, వచ్చింది.

నన్నడిగితే, అసలు అడ్డం డబ్బు కంటే భాషే. ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంటుంది. కథలూ ఆ రెండింట్లోనే. పదిహేను సెకన్లలో తట్టే మొదటి మాట మనకి తెలుగులో తడుతుంది. దాన్ని మార్చుకునేలోపు తర్వాతి మాట తెర మీద ఉంటుంది. తట్టిన మొదటి మాటే మనిషిని పట్టిస్తుందని నమ్మే పరీక్షలో ఇది చిన్న విషయం కాదు. కోచింగుల వాళ్ళు దీనికి విరుగుడుగా రెడీమేడ్ కథలు బట్టీ వేయిస్తారు. ఆ కథల్లో ఊరూ ఉండదు, బోరూ ఉండదు.

2021 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పాక అమ్మాయిలకీ ఎన్‌డీఏ పరీక్ష రాసే వీలొచ్చింది. అలా చేరిన మొదటి పదిహేడు మంది 2025 మే 30న ఖడక్‌వాస్లాలో శిక్షణ ముగించుకుని బయటికొచ్చారు. ఆ వార్త చూసి ఫిల్మ్‌నగర్ బస్తీ నించి ఒకమ్మాయి మా ఇంటికి వస్తోంది. వాళ్ళమ్మ షూటింగుల్లో వంటపని చేస్తుంది. లెక్కల్లో నా సాయం అక్కర్లేదు. రోజూ అరగంట ఇంగ్లీషు పేపరు పైకి చదివిస్తున్నాను, తర్వాత బొమ్మలు. మొన్న ఖాళీ కాగితం ముందు పెడితే, మూడొందల మందికి అన్నం వండాక గ్యాస్ అయిపోయి కూర సగంలో ఆగిపోయిన కథ రాసింది. నాలుగు నిమిషాలు చాల్లేదు. ఇంకో నిమిషం ఇవ్వండి సార్ అంది. ఇవ్వలేదు. మళ్ళీ మొదట్నించి రాయమన్నాను.