శాశ్వత మూలధన భావన ఆవిర్భావం: డచ్చి ఈస్టిండియా కంపెనీ, మచిలీపట్నం వర్తకం (1602–1623)

వ్యాససంగ్రహం

వాటాదారు తన వాటాను మరొకరికి అమ్ముకోగలడే గాని కంపెనీ నుంచి సొమ్మును వెనక్కి తీసుకోలేడన్నది ఆధునిక కంపెనీ వ్యవస్థకు మూలసూత్రం. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీలో ఈ సూత్రం ఎలా స్థిరపడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇది ముందుగా ఆలోచించి చేసిన ఏర్పాటు కాదనీ, వాటాదారులకిచ్చిన హామీని పక్కన పెట్టడంవల్ల రూపొందిందనీ, ఆ నిర్ణయం వెనుక ఉన్న ఆర్థికావసరాన్ని మచిలీపట్నం వంటి స్థావరాల వర్తకపద్ధతి స్పష్టం చేస్తుందనీ ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: శాశ్వత మూలధనం, నిర్వహణ మూలధనం, వాటాదారులు, లాభాంశం, మచిలీపట్నం, కోరమాండల్ తీరం.

1. ఉపోద్ఘాతం

1595 నుంచి డచ్చి వర్తకులు ఆసియాకు నౌకలను పంపసాగారు. ఆ తొలి సంవత్సరాలలో ప్రతి యాత్రకూ విడిగా పెట్టుబడి సేకరించేవారు. నౌకలు తిరిగివచ్చి సరుకు అమ్ముడుపోయాక లెక్కలు తేల్చి, అసలూ లాభమూ పంచుకొనేవారు. యాత్ర ఫలితమే పెట్టుబడికి కొలమానం. 1600 డిసెంబరు 31న సనదు పొందిన ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ కూడా మొదట ఈ యాత్రాపద్ధతినే అనుసరించింది. దానికి శాశ్వత మూలధనం 1657లో గాని సమకూరలేదు. డచ్చి కంపెనీ అంతకు నాలుగు దశాబ్దాలు ముందే ఈ మార్పుకు లోనుకావడానికి కారణమేమిటన్నది పరిశీలనార్హం.

2. 1602 నాటి సనదు: పదేళ్ళ హామీ

1602 మార్చి 20న నెదర్లాండ్స్ ప్రతినిధుల సభ అప్పటి చిన్న వర్తక సంస్థలన్నిటినీ ఏకంచేసి, 21 ఏళ్ళ గుత్తాధికారంతో కొత్త కంపెనీకి సనదు ఇచ్చింది. ఆరు నగర శాఖల ద్వారా సుమారు 64 లక్షల గిల్డర్ల మూలధనం సమకూరింది. ఇందులో సగానికి మించి ఆమ్‌స్టర్‌డామ్ శాఖదే.

ఈ సనదులో రెండు అంశాలు ముఖ్యమైనవి. మొదటిది, పదేళ్ళకు, అంటే 1612లో, బహిరంగంగా లెక్కలు తేల్చి, కోరినవారికి పెట్టుబడి తిరిగి ఇవ్వాలి. రెండవది, డైరెక్టర్లకు ప్రతిఫలం లాభంపై గాక, నౌకలను సన్నద్ధం చేయడానికయ్యే వ్యయంపైనా, తిరిగివచ్చిన సరుకు విలువపైనా ఒక శాతం చొప్పున ముడుతుంది. వ్యయం పెరిగినా ప్రతిఫలం పెరిగే ఈ పద్ధతిలో డైరెక్టర్ల ప్రయోజనమూ వాటాదారుల ప్రయోజనమూ ఒకటి కావు. తర్వాతి వివాదాలకు బీజం ఇక్కడే ఉంది.

3. మచిలీపట్నం: తీరంలో నిలిచిన పెట్టుబడి

కంపెనీ 1605లో మచిలీపట్నంలోనూ, మరుసటి ఏడు నిజాంపట్నంలోనూ వర్తకస్థావరాలు ఏర్పరచుకొంది. 1610లో పులికాట్‌లో కాలుమోపింది. ఇండోనేషియా దీవులలో లవంగాలు, జాజికాయ, జాపత్రి కొనడానికి అక్కడివారు కోరే ప్రధాన వినిమయ వస్తువు కోరమాండల్ వస్త్రం. అందువల్ల తెలుగుతీరం ఈ వర్తకంలో అదనపు మజిలీగా గాక, సుగంధద్రవ్యాల కొనుగోలుకు ఆధారంగా నిలిచింది.

వస్త్రసేకరణ ఒక్క రోజులో ముగిసే బేరం కాదు. ఏ దీవిలో ఏ రంగు, ఏ కొలత చెల్లుతుందో ముందుగా నిర్ణయించి, మధ్యవర్తులైన వర్తకుల ద్వారా నేతగాళ్ళకు బయానా ఇవ్వాలి. నేత పూర్తయ్యాక చిరివేరు ఎరుపుతో అద్దకం జరగాలి. తర్వాత అనుకూలమైన ఋతుపవనం కోసం సరుకు గిడ్డంగిలో వేచివుంటుంది. ఆ వస్త్రం దీవులకు చేరి, సుగంధద్రవ్యంగా మారి, యూరప్‌కు వెళ్ళి నగదయ్యేసరికి సంవత్సరాలు గడుస్తాయి. తపన్ రాయ్‌చౌధురి 1962లో వెలువరించిన కోరమాండల్ డచ్చి వర్తక చరిత్రలో స్థావరాలను తరచు పీడించిన నిధుల కొరతనూ, స్థానిక వర్తకుల వద్ద చేసిన అప్పులనూ వివరించాడు.

ఈ పద్ధతిలో ఏ ఒక్క రోజునా మొత్తం పెట్టుబడి నగదురూపంలో ఉండదు. కొంత నేతగాడి బయానాలోనూ, కొంత గిడ్డంగిలోనూ, కొంత నడిసముద్రంలోనూ ఉంటుంది. నేటి పరిభాషలో ఇది నిర్వహణ మూలధనం. దానిని ఒక తేదీన తేల్చి పంచాలంటే వర్తకచక్రాన్నే ఆపివేయాలి.

4. 1612 నిర్ణయం

వర్తకానికి యుద్ధవ్యయం తోడైంది. పోర్చుగీసు, స్పెయిన్ శక్తులను ఎదిరించే సాధనంగా కూడా ప్రభుత్వం కంపెనీని చూసింది. 1605లో అంబోయినా కోట డచ్చివారి వశమైంది. కోటకు ఖర్చుంటుందే గాని, దానికి కొనుగోలుదారు ఉండడు.

మరోవైపు వాటాదారులకు తొలి లాభాంశం 1610లో గాని అందలేదు. అదీ వస్తురూపంలోనే. వాటా ముఖవిలువలో 75 శాతానికి సమానమైన జాపత్రినీ, ఆ ఏడు చివర 50 శాతానికి సమానమైన మిరియాలనూ, 7.5 శాతం నగదునూ పంచారు. సరుకును అమ్ముకొనే భారం వాటాదారులపై పడింది. 1602లో 85,000 గిల్డర్లు పెట్టిన ఐజక్ లె మేర్ 1609లో కంపెనీ నిర్వహణను విమర్శిస్తూ ప్రభుత్వానికి విజ్ఞాపన సమర్పించాడు. వాటాల ధర తగ్గుతుందన్న అంచనాతో, చేతిలో లేని వాటాలను ముందుగా అమ్మే బృందానికీ అతడే నాయకుడు. 1610 ఫిబ్రవరిలో ప్రభుత్వం అటువంటి అమ్మకాలను నిషేధించింది.

1612లో డైరెక్టర్ల కోరిక మేరకు ప్రభుత్వం పదేళ్ళ లెక్కల నిబంధననుంచి కంపెనీకి మినహాయింపు ఇచ్చింది. నిష్క్రమించదలచినవారికి వాటా అమ్ముకోవడమొక్కటే మార్గంగా మిగిలింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో కొత్త వర్తకభవనం 1611లోనే తెరచుకొంది. ఆస్కర్ గెల్డర్‌బ్లోమ్, ఆబే డి యోంగ్, యోస్ట్ యోంకర్ 2013 నాటి పరిశోధనలో ఈ నిర్ణయాన్ని ఆధునిక కంపెనీ రూపకల్పనలో కీలకఘట్టంగా గుర్తించారు.

5. పనితీరును కొలిచేదెవరు?

లెక్కల తేదీ తొలగిపోవడంతో పనితీరును కొలిచే సాధనం కూడా తొలగిపోయింది. ఆసియాలోని లెక్కలనూ నెదర్లాండ్స్‌లోని లెక్కలనూ ఒకే పట్టికలోకి తెచ్చే పద్ధతి కంపెనీలో లేదు. యుద్ధానికి ఎంత, వర్తకానికి ఎంత అన్న ప్రశ్నకు వాటాదారులకు సమాధానం దొరకలేదు. 1622లో సనదు పునరుద్ధరణ సమయాన అసంతృప్త వాటాదారులు కరపత్రాలతో ఆందోళన చేశారు. 1623 నాటి కొత్త నిబంధనలు తొమ్మిదిమంది పెద్ద వాటాదారులకు పర్యవేక్షణాధికారం ఇచ్చాయి. కాని వారు గోప్యతకు బద్ధులు. సాధారణ వాటాదారుకు మిగిలిన సూచికలు రెండే: లాభాంశం, బజారుధర.

6. ముగింపు

శాశ్వత మూలధనం కంపెనీకి దీర్ఘాయువునిచ్చింది. తొలి మూలధనం దాదాపు రెండు శతాబ్దాలపాటు పెరగకుండానే, నిలిపివుంచిన లాభాలతోనూ అప్పులతోనూ వర్తకం సాగింది. అదే సమయంలో, సొమ్ము తిరిగి అడిగే హక్కు పోయిన వాటాదారుకు లెక్క అడిగే హక్కు సమంగా దక్కలేదు. 1799 చివర సనదు ముగిసేనాటికి కంపెనీ మోయలేని రుణభారంతో ప్రభుత్వం చేతిలో ఉంది. యాజమాన్యానికీ నిర్వహణకూ మధ్య దూరాన్ని చర్చించే నేటి కంపెనీ పాలనాశాస్త్రం ఈ అసమానత్వాన్నే ఎదుర్కొంటోంది.

ఆర్థికచరిత్ర గ్రంథాలు ఈ కథను ఎక్కువగా ఆమ్‌స్టర్‌డామ్ బజారునుంచే చెబుతాయి. పెట్టుబడిని ఎందుకు తిరిగి ఇవ్వలేకపోయారన్న ప్రశ్నకు సమాధానం మాత్రం మచిలీపట్నం గిడ్డంగిలోనూ, నేతగాడికిచ్చిన బయానాలోనూ ఉంది. హేగ్ నగరంలోని జాతీయ పత్రభాండాగారంలో ఉన్న కంపెనీ పత్రాలను ఈ దృష్టితో చదవడం తెలుగు పరిశోధకులు చేపట్టదగిన పని.